తడి చేతులు

ఏ వస్తువు వల్ల మనిషి చనిపోతే ఆ వస్తువే, పోయినవాళ్ల గొంతుతో, మిగతావాళ్లను హెచ్చరించడం అప్పటికి మామూలైపోయింది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరే ఆ గొంతును అలాంటి వస్తువులన్నిట్లోకీ ఎక్కించాలి. కరీంనగర్‌లో ఇనుప కూలర్ షాక్ కొట్టి పోయిన ఆరేళ్ల సహస్రను పరీక్షించింది డాక్టర్ సారంగపాణే. అప్పటి నుంచి, కరెంటున్న ఏ కూలర్ మీదికి తడి చెయ్యి పోయినా ఆ పిల్ల గొంతు అరిచేది: "ముట్టకు! చేతులు తడిగున్నయ్!"

ఆ తర్వాత కూలర్‌తో ఒక్క ప్రాణమూ పోలేదు.

కానీ ఒక ఇంట్లో మాత్రం ఆ కేక రోజూ వినబడుతోందని తెలిసి సారంగపాణి పరుగున వెళ్లాడు. తలుపు తీసింది సహస్ర తల్లి రజిత. ఆమె చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎందుకమ్మా గిట్ల?"

"చేతులు పొడిగుంటే అది మాట్లాడది గద సారూ."

కూలర్ తీసుకుపోతానంటే ఆమె దాన్ని వాటేసుకుంది.

"ఉంచుకో తల్లీ. కరెంటు తీగె ఒక్కటే తీసేస్త. గొంతు అండ్లనే ఉంటది," అంటూ ఆయన ప్లగ్గు పీకి తీగె కత్తిరించేశాడు.

రజిత చేతులు బకెట్‌లో ముంచి కూలర్ మీద పెట్టింది. ఏమీ వినబడలేదు. మళ్లీ ముంచి, మళ్లీ పెట్టింది.

ప్రమాదం ఉంటేనే ఆ గొంతు పలుకుతుందని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"అలిగింది సారూ," అంది రజిత, తడిసిన కూలర్‌ను కొంగుతో మెల్లగా తుడుస్తూ. "రోజూ భయపెడితి గద దాన్ని."