ఎర్ర గీత

"తమ్మీ, తూము రాయికి గా ఎర్రగీతేంది?" చెరువు కట్ట మీంచి సైదమ్మ అడిగింది.

పడవ నడిపే దస్తగిరి గీత గీస్తున్న కుంచె ఆపలేదు. "నీళ్లు గీ గీత దాంక దిగితే తూము మూస్తరక్కా. కింది నీళ్లు పట్నపోళ్ల పడవ షికారుకే."

"మరి మా కొత్త కాల్వ?"

"గీత మీద నీళ్లు మిగిలితేనే."

నీళ్లు అప్పటికే గీతను తాకుతున్నాయి.

"సగం చెల్క భూమి కాల్వకే ఇచ్చిన గద తమ్మీ! నీళ్లొస్తయని నారు పోసిన. ఎండుతాంది."

"నేనేం జేద్దునక్కా? పడవలు ఆగితే నా పొయ్యి ఆరుతది."

సైదమ్మ మెట్లు దిగి కొంగు నీళ్లలో ముంచి, రెండు చేతులా ఒడిసిపట్టుకుంది.

"గిదేందక్కా?"

"నారు మీద పిండుత. దీనికి గూడ గీత గీసిన్రా?"

ఆమె పొలం అక్కడికి రెండు మైళ్ల దూరం. కట్ట దిగకముందే కొంగులోని నీళ్లన్నీ కారిపోయాయి. దస్తగిరి అది చూసి, కుంచెను మళ్లీ ఎర్ర రంగులో ముంచాడు.