తొమ్మిదితో పోయే తేడా

"కాదు. ఇది మనోడి నంబరు కాదు," అన్నాడు సత్యానందం అయ్యవారు. చెంగయ్య తెచ్చిన చీటీని మళ్ళీ వెలుగులోకి పట్టుకున్నాడు.

బర్మా యుద్ధంలో చనిపోయిన సిపాయిల పట్టీని మదనపల్లెలో గోడకు అంటించారని విని, చెంగయ్య పొద్దున్నే పోయి చూశాడు. పట్టీలో ఊర్లు లేవు, పేర్లూ నంబర్లే. జ్ఞానప్రకాశం అన్న అయ్యవారి కొడుకు పేరు కనబడేసరికి అతని గుండెల్లో రాయి పడింది. నంబరు చీటీ మీద ఎక్కించుకుని పుంగనూరుకు పరిగెత్తుకొచ్చాడు.

"మనోడిది పన్నెండు లక్షల ఎనభై నాలుగు వేల ఆరు వందల డెబ్బై మూడు," అన్నాడు అయ్యవారు. కొడుకు పటాలంలో చేరిన నాటి నుంచి ఆ నంబరు ఆయనకు ప్రార్థనంత కంఠస్థం. "ఇందులో పన్నెండు లక్షల ఎనభై ఆరు వేల నాలుగు వందల డెబ్బై మూడు అనుండాది. సరిగ్గా సూసి రాసినావా చెంగా?"

"సరిగ్గానే రాసినా అయ్యవారూ. మీ బెత్తం దెబ్బలు మరిచిపోతానా?"

తిన్నాడు మరి, తక్కువ తిన్నాడా! బడిలో చెంగయ్యకు లెక్కలు బాగానే వచ్చు గానీ, చూసి ఎక్కించేటప్పుడు అంకెల్ని తారుమారు చేసేవాడు. అయ్యవారు అసలు సంఖ్యకూ వాడు రాసినదానికీ తేడా తీసి, తొమ్మిదితో భాగించేవాడు. శేషం లేకుండా పోతే, "అంకెలు చోట్లు మార్చినావురా, చెయ్యి చాపు," అనేవాడు.

గడపలో కూలబడిన ఆయన భార్య యేసమ్మ కళ్ళు తుడుచుకుంది. "ప్రభువు మన పక్కనుండాడప్పా." అంతలోనే ఆమె మొహం వాడిపోయింది. "మరి ఈ పిల్లోడు ఎవురు?"

"కుప్పంలో మేరమ్మ కొడుకు పేరూ జ్ఞానప్రకాశమే కదమ్మా. వాడూ పటాలంలోనే ఉండాడు," అన్నాడు చెంగయ్య.

"అయ్యో, ఆయమ్మకు మొగుడు గూడా లేడే! పోదాం పదండి. దిక్కులేని తల్లికి ఈ మాట ఇంకెవురు సెప్తారు?"

కుప్పం దారిలో పలమనేరు దాకా పోయే, బొగ్గుతో నడిచే బస్సును ఆపి పెట్టమని చెంగయ్యను పంపి, ఆమె మూట కట్టుకోడానికి లోపలికి పోయింది.

అయ్యవారికి సిగ్గేసింది. ఇంకొకరి బిడ్డ పోయాడని తన ప్రాణం తేలికపడింది, ఎంత పాపం! మనసు మళ్ళించుకోడానికి పలక అందుకున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకోదు. రెండు నంబర్లూ రాసి, పెద్దదాన్లోంచి చిన్నది తీసేశాడు. పద్దెనిమిది వందలు. తొమ్మిదితో భాగించాడు. సరిగ్గా రెండు వందలు. శేషం సున్నా. మళ్ళీ మొదటినుంచి చేశాడు, మళ్ళీ అంతే. అప్పుడు రెండు సంఖ్యల్నీ కళ్ళు పెట్టి చూశాడు. అవే ఏడు అంకెలు. నాలుగు ఉండాల్సిన చోట ఆరు, ఆరు ఉండాల్సిన చోట నాలుగు.

యేసమ్మ మూట చంకన పెట్టుకుని వచ్చింది. "లెయ్యప్పా, పొద్దుపోతాండాది. ఆ తల్లి ఒంటిది."

ఆయన పలకను అరచేత్తో తుడిచేశాడు.

"మూట దించు యేసమ్మా. మేరమ్మ కొడుకు బతికే ఉండాడు."