కూకో నాయినా

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకుండానే వేలం మొదలైంది. అక్కడ ఉన్నది ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. అది బోటు ఓనరు ఎల్లాజీది.

ఇవాళ దాన్ని నాగవంశీకి వేశారు.

"కూకో అల్లుడూ," అన్నాడు ఎల్లాజీ.

నాగవంశీ కూర్చున్నాడు. వెంటనే లేచాడు. వాళ్ళమ్మ నూకాలు భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

వాడు పోర్చుగల్‌లో ఓ పెద్ద క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడడానికి వెళ్ళి ఏడాదైంది. సెలవులకి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఎవరింటికెళ్ళినా ముందు కుర్చీ, తర్వాతే పలకరింపు.

అంతా నూకాలు పుణ్యమే.

"నన్ను బెంచీ మీద కూకోబెడతన్నారే అమ్మా," అని కొడుకు ఫోన్‌లో చెప్తే ఆవిడ ఉబ్బితబ్బిబ్బయిపోయింది. రోజంతా నిలబడి చేపలమ్మే మనిషి, పాపం. ఆవిడ లోకంలో కూర్చునేవాళ్ళంటే ఓనర్లే. మావాణ్ణి కూర్చోబెట్టి చూసుకుంటున్నారని హార్బరంతా టాంటాం వేసేసింది.

ఆడేవాళ్ళలో ఎవరికైనా దెబ్బ తగిలితేనో, అలిసిపోతేనో వాళ్ళ బదులు ఆటలోకి దింపడానికి మిగతావాళ్ళని కూర్చోబెట్టే బెంచీ అది. ఏడాదంతా వాణ్ణి దింపనే లేదు. ఎవడికైనా దెబ్బ తగిలితే బాగుణ్ణని కోరుకున్న రోజులూ ఉన్నాయి. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గే. ఇదంతా అమ్మకి చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న ఫోన్‌కి మెసేజొచ్చింది. అదే దేశంలో ఓ పల్లెటూరి క్లబ్బు రమ్మంటోంది. గ్రౌండులో గడ్డి కూడా సరిగ్గా లేదు. కానీ ప్రతి ఆటా మొదటి నుంచీ ఆడిస్తారట. ఈ ఉదయమే ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

పెద్ద క్లబ్బు వదిలేస్తే అమ్మ ఇక్కడ తలెత్తుకు తిరగ్గలదా? అదే వాడి బాధ. మోకాలు ఊగుతూనే ఉంది.

"ఏట్రా ఆ కాళ్ళూపుడు? సుబ్బరంగా కూకో నాయినా," అంది నూకాలు.

ఇక ఉండబట్టలేకపోయాడు.

"నాను ఆ పెద్ద క్లబ్బుకి మరెల్లనే అమ్మా. ఇంకోటుంది. సిన్నది."

"ఆడ కూకోబెట్టరా?"

"పెట్టరు. పరిగెట్టాల."

నూకాలు మొహం మాడిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఏటి తప్పు సేసేవురా?"

వాడు లేచి, తల్లి రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎల్లాజీ నవ్వి ఊరుకున్నాడు.

వంజరం చేపల గంప వేలానికొచ్చింది. నూకాలు కూర్చునే పాట పాడింది. ముందు నిలబడ్డవాళ్ళ వీపుల వెనక ఆవిడ చెయ్యి ఎవరికీ కనపడలేదు. గొంతూ వినపడలేదు. గంప ఇంకొకావిడ పట్టుకుపోయింది.

రెండోదీ పోయింది.

నూకాలు విసురుగా లేచింది. "కూకుంటే కాళ్ళు లాగేత్తన్నాయి," అంటూ కొంగు బిగించి గుంపు వైపు నడిచింది.

అంతలోనే ఆగి వెనక్కి తిరిగింది. కుర్చీని చూసింది. కొడుకుని చూసింది.

"ఏడాదంతా నీకిలాగే ఉందేట్రా?"

వాడు నోరు తెరిచేలోపే మూడో గంప వచ్చింది. నూకాలు గుంపులోకి తోసుకుపోయింది.

నాగవంశీ నిలబడే, వస్తున్నానని మెసేజ్ కొట్టాడు.