హ్యూబర్ట్ బుగ్గ మీద చుక్కలు

డెస్మండ్ కంటికి తిరుగులేదు. ఈ మాట ఎవరో అన్నది కాదు. ఆయనే అంటుంటాడు.

రాపిడ్ బే తీరాన సముద్రంలోకి కట్టిన జెట్టీ కింద, నాచులో నాచులా ఊగే ఆకు డ్రాగన్లనే చేపల కోసం మిగతా డైవర్లు కళ్లు కాయలు కాసేలా వెతుకుతారు. డెస్మండ్ ఇట్టే పట్టేస్తాడు. అంతటితో ఊరుకోడు. బుగ్గ మీద చుక్కల్ని బట్టి ఇది ఎడిత్, అది ఎడిత్ చెల్లెలు అని తేల్చి చెబుతాడు. పేర్లు పెట్టింది కూడా ఆయనే కాబట్టి కాదనేవాళ్లు లేరు.

ఈ వేసవిలో ఆయన ప్రాణమంతా హ్యూబర్ట్ మీదే ఉంది. హ్యూబర్ట్ తోక కింద గుడ్లు మోస్తున్నాడు. ఈ జాతిలో గుడ్లు మోసే పని మగవాడిదే. ఆ సంగతి డైవింగ్ క్లబ్బులో ఆడవాళ్లు ఎత్తినప్పుడల్లా డెస్మండ్‌కు అర్జెంటు పనేదో గుర్తొస్తుంది.

గుడ్లు నేడో రేపో పగులుతాయి. ఈలోగా ఫొటో పడితే క్లబ్బు క్యాలెండర్ అట్ట డెస్మండ్‌ది. పడకపోతే నిరుటిలాగే ఎవడో తీసిన పీతది.

ఆయన భార్య మాక్సీన్‌కు దక్కింది ఒడ్డు. ఒక మడత కుర్చీ, ఒక ఫ్లాస్కు, శాండ్‌విచ్‌ల డబ్బా. పెళ్లయినప్పటి నుంచీ అదే ఉద్యోగం.

"ఆ హ్యూబర్ట్‌ను నాకూ ఒకసారి చూపించొచ్చుగా?" అని పోయిన చలికాలం అడిగింది.

"నీకా?" డెస్మండ్ పడీ పడీ నవ్వాడు. "ముక్కు ముందు ఆడుతున్నా నువ్వు గుర్తుపట్టలేవు. దానికి కన్నుండాలి. మీరంతా చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే రకం."

ఆ మాట మాక్సీన్‌కు గుచ్చుకుంది.

తర్వాత కొన్నాళ్లకు ఆమెకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. డాక్టరు ఈత కొట్టమన్నాడట. క్లబ్బువాళ్లు కొత్తవాళ్లకు డైవింగ్ నేర్పే కొలనుకే వారం వారం వెళ్లొస్తోంది. నొప్పులు తగ్గాయా అని డెస్మండ్ ఇంతవరకూ అడగలేదు. పాపం, ఆయనకు తీరికేది?

ఆదివారం పొద్దున గాలి లేదు. నీళ్లు తేటగా ఉన్నాయి. డెస్మండ్ కారు డిక్కీ తెరిచి కెమెరా ముందు కూర్చున్నాడు. లోపలికి చెమ్మ దూరకుండా దాని రబ్బరు చుట్టుకు జిడ్డు రాయాలి. ఆ పూజలో ఉండగా పక్కన భూకంపం వచ్చినా ఆయన తలెత్తడు.

"నేను వెళ్తున్నా, డెస్," అంది మాక్సీన్.

"ఊఁ."

"కనిపించకపోతే కంగారు పడవుగా?"

"ఊఁ, ఊఁ."

అన్న మాట ప్రకారం కంగారు పడలేదు.

ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు. జోడీ ఉండాలి. డెస్మండ్‌కు జోడీ ఎప్పుడూ బెవనే. మనిషి పొట్టి, సన్నం. నోరు మాత్రం పెద్దది. ఆ రోజు డెస్మండ్ వెళ్లేసరికే జెట్టీ మెట్ల మీద బెవన్ కాళ్లకు తొడిగే పసుపుపచ్చ ఈత రెక్కలు, అదే ఫిన్స్, కనిపించాయి. నల్ల సూటు, తలకు రబ్బరు టోపీ, కళ్లకు మాస్కు, నోట్లో గాలిగొట్టం, అన్నీ తయారు.

"ఓహో! ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడే! వాగుడు కూడా లేదు. ఎప్పుడూ ఇలాగే ఉండరా బెవన్, నీకు పుణ్యముంటుంది."

బదులుగా బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిశాయి. అంతా ఓకే అని.

దిగేముందు జోడీలు ఎదురెదురుగా నిలబడి ఒకరి సామాను ఒకరు సరిచూసుకోవాలి. అది నియమం. డెస్మండ్ దృష్టిలో అది నిన్న మొన్న నేర్చుకున్నవాళ్ల తతంగం. నేరుగా నీళ్లలోకి దూకాడు.

అడుగున, కంటికి తిరుగులేని మనిషి చాలాసేపు తిరిగాడు. నాచు. ఇంకా నాచు. సిలిండర్లో గాలి సగానికి వచ్చింది. హ్యూబర్ట్ జాడ లేదు. క్యాలెండర్ అట్ట మీద పీత కాళ్లు కళ్లకు కట్టాయి.

ఒక చెయ్యి ఆయన భుజం తట్టింది. వేలు ఒక నాచు గుబురును చూపించింది. డెస్మండ్ విసుగ్గా తల అడ్డంగా ఊపాడు. ఆ చెయ్యి మొహమాటపడలేదు. ఆయన తల పట్టుకుని అటు తిప్పింది.

హ్యూబర్ట్! తోక నిండా గుడ్లు!

డెస్మండ్ పూనకం వచ్చినట్టు ఫొటోలు తీశాడు. మధ్యలో ఒకసారి జోడీ మాస్కు ఆయన మాస్కుకు ఎదురుగా, దాదాపు ఆనుకునేంత దగ్గరగా వచ్చి ఆగింది. లోపలి కళ్లు ఆయన కళ్లలోకే చూశాయి, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. వెలుతురుకు అడ్డమని డెస్మండ్ పక్కకు నెట్టాడు. నువ్వు పైకి పో అని బొటనవేలు చూపించాడు. జోడీని ఒంటరిగా పంపకూడదన్నదీ నియమమే. నియమాలకేం, బోలెడుంటాయి.

ఆయన తీరిగ్గా ఒడ్డెక్కేసరికి బెవన్ తన బండికి ఆనుకుని, సాసు కారుతున్న మాంసం పఫ్ తింటున్నాడు. దువ్విన జుట్టు దువ్వినట్టే ఉంది.

"ఇన్నాళ్లకు పనికొచ్చావురా!" అని కేకేశాడు డెస్మండ్. "నాకు కనిపించే లోపు నువ్వే వేలు పెట్టేశావ్ గానీ, పర్లేదు."

"నాదేముంది గురూ," అన్నాడు బెవన్ నోటినిండా కుక్కుకుని. "నేనేం చెయ్యలేదు."

వీడికి వినయం కూడా అబ్బిందనుకుంటూ డెస్మండ్ కారు దగ్గరికి నడిచాడు. మాక్సీన్ ఫ్లాస్కు మూత తిప్పుతోంది. ఆయన కెమెరా తెరను ఆమె వైపు తిప్పాడు.

"చూడు! కంటి కింద మూడు చుక్కలు, పక్కన చిన్న గీత. ఎంత నాచులో దాక్కున్నా నా దగ్గర కుదరదు. మొహం చూస్తే చాలు."

"నిజంగా, చూస్తే చాలా?" అంది మాక్సీన్.

"ఎన్నేళ్లుగా చూస్తున్న మొహం, ఆమాత్రం గుర్తుపట్టనా?" అన్నాడు డెస్మండ్, ఆమె జుట్టు నుంచి నీళ్లు ఇంకా కారుతుండగా, ముఖం చుట్టూ మాస్కు ఒత్తిన ఎర్రటి గీత మాయకముందే తన చేతికి టీ అందిస్తున్న భార్యతో.