గోడలోంచి వెళ్ళినవాడు

కబహూమా కొడుకు తన ప్రాణం తానే తీసుకుని నాలుగు రోజులైంది. అలా పోయినవాడికి ఇంటిదారి గుర్తుండకూడదని వంశం పెద్దలు వెనకగోడ పగలగొట్టి, శవాన్ని అటునుంచి తీసుకెళ్ళారు. ఆ సాయంత్రమే కంతను మట్టితో మెత్తేశారు. ఇక వాడి పేరెత్తొద్దని ఆమెకు గట్టిగా చెప్పిపోయారు.

ఆస్పత్రి పాస్టరు కిసెంబో చీకటి పడ్డాక వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు. ఇలాంటి ఇళ్ళలో అతను ముందుగా చేసే పని, పోయినవాళ్ళ పేరు పలికించడం.

"పేరు పెట్టి ఏడవండమ్మా. గుండె బరువు దిగుతుంది."

"నా వల్ల కాదు పాస్టరుగారూ. వింటాడు."

"పోనీ, నేనే అంటాను. బగూమా."

అరటితోటలో కీచురాళ్ళు ఆగిపోయాయి. గోడకు మెత్తిన మట్టిలోంచి ఒక పెళ్ళ ఊడి నేలమీద పడింది. కాసేపటికి ఇంకొకటి. అవతల ఎవరో గోళ్ళతో నిదానంగా గీరుతున్నట్టుంది.

కబహూమా బెదరలేదు. లేచి, లాంతరు తెచ్చి కిసెంబో చేతికిచ్చింది.

"నాలుగు రాత్రులు నోరు నొక్కుకుని కూర్చున్నాను. పిలిచింది మీరు. వెళ్ళేటప్పుడు వాణ్ణి మీ వెంట తీసుకెళ్ళండి. దీపం మాత్రం ఆర్పకండి, వాడికి చీకటంటే భయం."