జంట గొట్టాల తుపాకీ

"దీన్ని నిలువునా కోసెయ్యండి. నాకో గొట్టం, తమ్ముడికో గొట్టం. ట్రిగ్గర్లూ రెండున్నాయిగా," అన్నాడు పెద్దవాడు.

వాళ్ల నాన్న వాడిన తుపాకీ అది. తుప్పు వదిలించి, గొట్టాల సొట్టలు తీసి, వెనక కర్రను ఈ పెద్దవాడి భుజానికి కుదిరేలా చెక్కి, ప్రాణం పెట్టి బాగుచేశాను.

తుపాకీని వాళ్ల వైపు నెట్టేశాను.

"ఒక తండ్రి బిడ్డలు, ఒక్క తుపాకీని వంతులేసుకుని వాడుకోలేరూ? థూ. ఈ పాడుపని నా చేత్తో చెయ్యను. వేరేవాళ్లను చూసుకోండి."

తమ్ముడు కొట్టు నడిమధ్యన కట్టిన అడ్డుగోడ వైపు చూశాడు.

"గోడ అవతల మీ అన్నగారిని అడిగే వచ్చామండి. 'నాన్న సొత్తును నిలువునా చీల్చడంలో మా తమ్ముడే ఆరితేరినవాడు, అటు వెళ్లండి' అన్నారు."