వ్యూ పాయింట్

జన్నారం చెక్‌పోస్టు దాటగానే ప్రేమ్‌సాగర్‌రావు కారు అద్దాలు పైకెత్తాడు. పక్క సీట్లో ప్రమోదిని కొంగును వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన సుల్తానాబాద్‌లోని రైస్‌మిల్లు వదిలి ఆమెను సరదాగా ఎక్కడికీ తీసుకెళ్లింది లేదు. అలాంటిది పొద్దున చాయ్ తాగుతూ, "తయారు కా. కవ్వాల్ అడివి చూసొద్దాం" అన్నాడు. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది.

సరిగ్గా ఈ రోజే ఎందుకు?

ఈ రోజు కరీంనగర్ రిజిస్ట్రార్ ఆఫీసులో వాళ్ల కూతురు స్నిగ్ధ పెళ్లి. అబ్బాయి బెంజమిన్, మందమర్రి బొగ్గుబావిలో పనిచేసే అహరోను కొడుకు. సాక్షులు ముగ్గురు కావాలి. ఇద్దరు స్నేహితులున్నారు. మూడో సంతకం అమ్మే పెట్టాలని స్నిగ్ధ పట్టుబట్టింది. ప్రమోదిని రహస్యంగా సరేనంది.

పైకి మాత్రం వేరు. బెంజమిన్ పేరు ఇంట్లో వినబడ్డ రోజు భర్త నోరు తెరవకముందే ఆమె గొంతు చించుకుంది. "గా పోరన్ని చేసుకుంటే నా పీనుగను దాటి పోవాలె" అని కూతురి మీదికి చెయ్యెత్తింది. తను అరిస్తే ఆయన అరవడని ఆమె ఎత్తు. ఎత్తు పారింది. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే ఇప్పుడు ఆమెను భయపెడుతోంది.

"దుప్పులు! అటు చూడు" అన్నాడాయన.

ఆమె చూడలేదు. "తల నొస్తుంది. ఇంటికి పోదాం పార్రి."

"గింత దూరమొచ్చి గుట్ట ఎక్కకుంటె ఎట్ల?"

"నా ఫోనన్న ఇయ్యిండ్రి. జర మా అక్కతోని మాట్లాడుత."

"అడివిల ఫోనెందుకే?"

పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన తీసి పెట్టుకున్న ఆమె ఫోన్ ఆయన జేబులోనే ఉండిపోయింది.

దారిలో చాయ్ హోటల్ దగ్గర ఆగారు. ఆయన డబ్బులిస్తుండగా మంచిర్యాల వెళ్లే బస్సు కనిపించింది. ప్రమోదిని పరుగున రోడ్డెక్కి చెయ్యి ఊపింది. బస్సు నెమ్మదించింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టిందో లేదో, వెనక నుంచి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఎక్కేది లేదు. మీరు పోండ్రి" అన్నాడు కండక్టర్‌తో. మళ్లీ ఆమెతో, చిన్న గొంతుతో, "ఇయ్యాల నువ్వు నన్నిడిచి ఎటూ పోయేది లేదు" అన్నాడు.

ఆయనకు తెలుసు.

ఘాటు రోడ్డు మలుపులు తిరిగి కారు గుట్ట పైకి చేరింది. కింద లోయ నిండా టేకు చెట్లు. జనం లేరు. అక్కడ సిగ్నల్ ఉన్నట్టుంది, ఆయన ఫోన్ మోగింది. దూరంగా వెళ్లి మాట్లాడాడు. గాలికి మాటలు తెగి తెగి వినిపించాయి.

"వంశీధర్, అహరోను గూడ వచ్చిండా? మంచిగైంది... పోరి ఏడిస్తే ఏడ్వనీ... ఒకలు తక్కువైన్రా? అయితే ఇంకేంది, నువ్వే లోపల్కి పో... పని కాంగనే ఫోన్ చెయ్యి."

వంశీధర్‌రావు ఆయన తమ్ముడు. కోపమొస్తే ముందూ వెనకా చూసే మనిషి కాదు.

ప్రమోదిని వెళ్లి ఆయన చొక్కా పట్టుకుంది. "మీకెట్ల తెలిసింది?"

"ఆఫీసుల నోటీసు అంటిస్తరు గద. వంశీధర్ చూసిండు."

మళ్లీ ఫోన్ మోగింది. ఆయన విన్నాడు. "అయిపోయిందా?" అని మాత్రం అడిగి, కళ్లు మూసుకున్నాడు.

"ఏమైపోయింది? నా బిడ్డను ఏం చేసిన్రు?" ప్రమోదిని అరుపు లోయంతా మోగింది. "తప్పు నాది! సాక్షి సంతకం పెట్టేదాన్ని నేను! చంపితే నన్ను చంపుండ్రి. పిల్లలను ముట్టుకుంటే గీ లోయల దుంకుత!"

ఆయన ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. పిట్టగోడ మీద కూలబడ్డాడు.

"నీ జాగల వంశీధర్ సాక్షి సంతకం పెట్టిండు గని, నువ్వు పోయి గా పెండ్లి చెడగొడ్తవనే పొద్దుగాల సంది నిన్ను గీ అడివంత తిప్పుతున్ననే, ప్రమోదినీ!"